కెమెరా పక్కన నిలబడిన పెద్దకోడలు

"జనం తిట్టిపోస్తున్న పాత్రను ఇంకా ఎందుకు మొయ్యాలి గురువుగారూ?" అని నీలవేణి, తనకు కథలు రాయడం నేర్పిన పరాంకుశంగారిని అడిగింది. "ఇవాళ షూటింగ్ ఎక్కడ?" అని మాత్రం అడిగి, ఆయన చెప్పులు వేసుకుని ఆమె వెంట బయలుదేరారు.

నీలవేణి రాస్తున్న తొలి సీరియల్ అది. చూసేవాళ్లు తగ్గిపోతున్నారు, ఇలాగే ఉంటే ఆపేస్తామని చానల్‌వాళ్లు మొహం మీదే చెప్పేశారు. కథానాయిక చిన్నకోడలు చప్పగా ఉందని అందరి ఫిర్యాదు. దుర్మార్గపు పెద్దకోడలు ఆ పిల్లను ఎదగనివ్వడం లేదని నీలవేణి తేల్చుకుంది. పెద్దకోడలి మాటలు చాలావరకు కత్తిరించి, మామగారికి విషం పెట్టిందన్న నేరం మీద ఆ రోజుతో ఇంట్లోంచి గెంటించేస్తే పీడ విరగడవుతుందనుకుంది.

సెట్లో చిన్నకోడలి క్లోజప్ తీస్తున్నారు. ఒకరి ముఖం తీసేటప్పుడు ఎదుటి నటి అక్కడ ఉండనక్కర్లేదని అక్కడి ఆనవాయితీ. ఆవిడ మాటలను అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి, సరుకుల చీటీ చదివినట్టు చదివేస్తాడు. అలాగే చదివాడు. చిన్నకోడలి వేషంలో ఉన్న అమ్మాయి "బయటికి పో!" అని గొంతు చించుకుంది. పాపం, ఎంత అరిచినా ఆ ముఖంలో ఏమీ పలకలేదు. మళ్లీ తీసినా అంతే.

పెద్దకోడలు వేసే హేమసుందరి అప్పటికే నగలు తీసేసి, ముఖం కడుక్కుని ఇంటికి బయలుదేరుతోంది. పరాంకుశంగారు ఆవిడ దగ్గరికి వెళ్లి, "పెద్దకోడలి తరఫున నీకేం చెప్పాలని ఉందో అది ఒకసారి చెప్పమ్మా," అన్నారు. ఆ రోజుతో వేషం పోయిన మనిషి, విసుక్కుని వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆవిడ వచ్చి కెమెరాకు కనిపించని చోట నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఈ ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు మోసినదాన్ని నేను. నువ్వు గృహప్రవేశానికి వచ్చావు. ఇప్పుడు నా కళ్లలోకి చూసి పొమ్మను."

ఆ అమ్మాయి కళ్లు దించుకుంది. మెల్లగా తల ఎత్తి, "నిజమే అక్కా. కానీ మామయ్య అన్నంలో విషం కలిపావు. వెళ్లిపో," అంది. రాసిచ్చిన మాట కాదది.

ఇన్నాళ్లూ నీలవేణి రాయలేకపోయిన కథానాయిక కళ్లముందు నిలబడి ఉంది. హేమసుందరికి చేతులెత్తి దండం పెట్టాలనుకుంది.

"ఎంత బాగా వచ్చింది గురువుగారూ!" అంది.

చేతిసంచీ తీసుకుని గేటు వైపు నడుస్తున్న హేమసుందరినే చూస్తూ పరాంకుశంగారు అన్నారు:

"వచ్చింది. మరి రేపు ఈ పిల్ల ఎవరి ముందు తల ఎత్తుతుంది?"