మంత్రిగారికి పొలమారిన పూట

పూర్వం ఒక రాజ్యంలో విరూపాక్షుడనే మంత్రి ఉండేవాడు. ఏ ఊరి కబురైనా ముందు రాజధానికి వచ్చి, రాజుగారి చెవిన పడ్డాకే పక్క ఊరికి వెళ్లాలని ఆయన శాసనం. ఒక ఏడాది వరద వస్తోందని ఎగువ ఊరివాళ్లు పంపిన కబురు, కోట వాకిట మిగతా కబుర్ల వెనక నిలబడిపోయింది. ఈలోగా ఎగువ ఊరి పక్కనే ఉన్న రెల్లుగడ్డ అనే ఊరిని ఏరు ముంచేసింది. అక్కడ పడవ నడిపే పైడమ్మ గొడ్లన్నీ కొట్టుకుపోయాయి.

రాజు జాలిపడి ఆ ఊరివాళ్లను భోజనానికి పిలిచి, వాళ్ల పంక్తిలోనే మంత్రినీ కూర్చోబెట్టాడు. పైడమ్మ ఆయన పక్కనే కూర్చుంది.

"తప్పంతా కబుర్లు మోసే గుర్రాలది ప్రభూ! ఇంకా వేగమైనవి తెప్పిద్దాం" అంటూ ముద్ద మింగబోయిన మంత్రికి పొలమారింది.

"నీళ్లు! ఆ చెంబు ఇటివ్వు!"

కడుపు మండిపోతున్న పైడమ్మ చెంబు పట్టుకుని లేచి, పంక్తి చివరనున్న రాజు దగ్గరికి నడిచింది. అక్కడ వడ్డనవాళ్లు బారులు తీరి ఉంటే వాళ్ల వెనక నిలబడింది. మంత్రి దగ్గలేక అల్లాడుతున్నాడు.

"పక్కనే ఉన్నాడు కదమ్మా, ఇవ్వవేం?" అని రాజు కసిరాడు.

"మాకు ఎగువ ఊరూ పక్కనే దొరా. అయినా అన్నీ ముందు తమరి దగ్గరికే రావాలట కదా. నేనెంత పరిగెత్తినా ఈ వరస కదలాలిగా!"

రాజు నవ్వబోయి ఆగిపోయాడు. చెంబు అందుకుని తానే వెళ్లి మంత్రికి ఇచ్చాడు.

నీళ్లు తాగిన మంత్రి తలెత్తలేదు. "పక్క ఊళ్ల కబుర్లు ఇక నేరుగా పోనివ్వండి ప్రభూ. మనకు తర్వాత తెలిసినా చాలు."

మరుసటి ఏడు ఏరు మళ్లీ పొంగి రెల్లుగడ్డలోకి వచ్చేసరికి, ఎగువ ఊరి కబురు ముందే అందడంతో ఊళ్లో ఒక్క కోడిపిల్ల కూడా లేదు.