నల్లసిరా పులిమిన స్లైడు

వెస్లీ చేతికి స్లైడు ఇస్తే పది నిమిషాల్లో రిపోర్టు తయారు. క్యాన్సర్ ఆసుపత్రి ల్యాబులో చేరి రెండేళ్ళే అయినా చూపు చురుకని పేరొచ్చింది. ఆ పేరు అతని చెవిన కూడా పడింది.

ఆ రోజు చూసిన స్లైడు సత్యవేణిది. ఉప్పాడలో జాందానీ చీరలు నేస్తుంది. ఆమె పెద్దపేగులో గడ్డ తీసేశారు. అది బయటికి పాకలేదు గానీ, కణాలు చూడబోతే మహా వికృతంగా ఉన్నాయి. ఇలాంటి మొండి గడ్డకు కీమో తప్పదనుకున్నాడు వెస్లీ. అలాగే రాశాడు.

వరండాలో ఆమే ఎదురైంది.

"బాబూ, ఆ మందెక్కిస్తే వేళ్ళు మొద్దుబారిపోతాయంటగా? పోగు చేతికి తెలీకపోతే నేనింకేం నేస్తానండీ?"

"ముందు ప్రాణం ముఖ్యమమ్మా," అన్నాడు. అన్నాడే గానీ, ఆ మాట అతనికే గుచ్చుకుంది.

ల్యాబు పెద్ద పద్మాసిని గారు. ముప్పై ఏళ్ళుగా మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషి.

"సంతకం పెట్టండి మేడమ్. సోమవారం కీమో మొదలుపెడతారట."

ఆవిడ రిపోర్టు ముట్టుకోలేదు. స్లైడు చూశారు. పెన్ను తీసి, గాజుపలక మీద గడ్డ ఉన్నంతమేరా నల్లసిరా పులిమేశారు.

"అయ్యో మేడమ్! ఇంక గడ్డేం కనపడుతుంది?"

"మిగిలింది చూసి చెప్పు నాయనా."

"మిగిలిందాంట్లో ఏముంటుందండీ?"

"నేనడిగేదీ అదే."

ఉక్రోషంగానే కన్ను ఆనించాడు వెస్లీ. సిరా అంచు పొడుగునా తెల్లకణాలు! ఒంటిని కాపాడే కణాలు, గడ్డ చుట్టూ సందు లేకుండా మూగి ఉన్నాయి. పొద్దున వీటినే దాటుకుంటూ పోయాడు.

ఇన్ని ఎందుకొచ్చినట్టు?

కణంలో డీఎన్ఏ తప్పుల్ని దిద్దే ప్రోటీన్లు నాలుగున్నాయి. వాటిలో ఏది లోపించినా తప్పులు పేరుకుపోతాయి. ఆ తప్పుల్ని పసిగట్టే తెల్లకణాలు మూగుతాయి. అలాంటి గడ్డ పాకకముందే తీసేస్తే, అది ఎంత వికృతంగా ఉన్నా, మామూలు కీమోతో ఒరిగేది తక్కువ. ఇదంతా చదువుకున్నదే.

వెస్లీ తన రిపోర్టు తనే చించేశాడు.

"ఆ నాలుగింటికీ పరీక్ష చేయిస్తాను మేడమ్. అందాకా కీమో ఆపమని ఇప్పుడే ఫోన్ చేస్తాను."

గురువారం ఫలితం వచ్చింది. నాలుగింట్లో రెండు లేవు. కీమో అక్కర్లేదు, క్రమం తప్పకుండా వచ్చి చూపించుకుంటే చాలన్నారు డాక్టర్లు. సత్యవేణి తన వేళ్ళకేసి ఓసారి చూసుకుని, వెస్లీకి దణ్ణం పెట్టింది.

అతను నిలవలేక మేడమ్ గదికి వెళ్ళాడు.

"మీరు చూపించబట్టి సరిపోయింది, లేకపోతే..."

ఆవిడ మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు.

"నేనేం చూపించాను నాయనా? కప్పానంతే."