తవిటమ్మ నడుం ఎత్తిన మడి

అనగనగా, మన ముత్తాతల ముత్తాతలు ఇంకా పాకుతున్న రోజుల్లో, తవిటమ్మ అనే మనిషి ఉండేది. ఊళ్లో వరి ఊడుపులకు వెళ్లేది. పొట్టి మనిషి, గట్టి నోరు. ఆమెకున్న ఆస్తల్లా రెండు చేతులూ, ఒక నడుం నొప్పీ.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. నాటు వేసే ఆడవాళ్లు గట్టు చేరేదాకా నడుం ఎత్తకూడదు. మధ్యలో ఎత్తితే కోతల నాటికి పైరు పడిపోతుందట. ఎవరు చూశారో నన్నడక్కండి.

నొప్పికి తవిటమ్మ మొదట మంచం ఎక్కింది. తొమ్మిది రోజులు పడుకునేసరికి నడుం కర్రలా బిగిసింది. తర్వాత పంతానికి పోయింది. పళ్లు బిగబట్టి పొద్దంతా నాటి, మర్నాడు కూర్చోలేక, నిలబడలేక ఏడ్చింది. మూడోసారి నడుంతో రాజీకొచ్చింది. నాలుగు వరసలు నాటేది. లేచేది. "పద నడుమా, పోదాం" అని నాలుగడుగులు వేసేది. మళ్లీ వంగేది. నొప్పి పోలేదు కానీ, మాట వినడం నేర్చింది.

జట్టు పెద్ద దాలినాయుడికి ఒళ్లు మండింది.

"నువ్వు లెగిస్తే పైరు తొంగుంటాదే. రేపట్నుంచి రాకు."

"మానీమంటే నానేటి తిని బతకాల బావూ? ఆ మూల మడి నాకొగ్గెయ్. అది పడిపోతే నానే రాను."

సరేనన్నాడు. ఆమె వంగింది, లేచింది, "పద నడుమా, పోదాం" అంది. మడంతా అలాగే నాటింది. పెద్ద మడీ, నడిమి మడీ మిగతా ఆడవాళ్లు కట్టుబాటు ప్రకారం నడుం ఎత్తకుండా నాటారు.

కోతలకు ముందు గాలివాన కొట్టింది. తెల్లారి అందరూ పొలానికి పరిగెత్తారు. పెద్ద మడి పడిపోయింది. నడిమి మడి పడిపోయింది. మూల మడీ పడిపోయింది.

తవిటమ్మ కళ్లు తుడుచుకుంది. "నా మడి నాను లెగిసి పడగొట్టినాను. మరి ఈ రెండూ ఎవులు పడగొట్టినారు బావూ?"

దాలినాయుడు మడిలోకి దిగాడు. పడ్డ దుబ్బులు లేపి కట్టడానికి వంగాడు. పొద్దెక్కేసరికి లేవలేకపోయాడు. నడుం పట్టేసింది. ఆమె నవ్వలేదు. చెయ్యందించి, "పద బావూ, నాలుగడుగులు" అంది. మరుసటేడు ఊడుపులకు మొదటి పిలుపు ఆమెకే వెళ్లింది. కట్టుబాటు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తవిటమ్మ పోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ ఆ ఊళ్లో నడుం నొప్పి పుడితే నొప్పి అనరు, "తవిటమ్మొచ్చింది" అంటారు. ఇంటికొచ్చిన పెద్దమనిషిని ఎవరు కసురుకుంటారు? "పద తవిటమ్మా, పోదాం" అని లేచి, ఆమెను తీసుకుని నాలుగడుగులు నడుస్తారు.