చాప పరిచేంత చోటు

సోమయాజులు గారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. అడిగినవాళ్ళ నెత్తినే ఏదో ఒక పని పెడతారు. నిడదవోలులో ఆయన ఇంటి అరుగు మీద సాయంత్రం పూట గీత వినడానికి చేరే పదిపన్నెండు మందికీ ఈ సంగతి తెలుసు. అందుకే తెలివైనవాళ్ళు ప్రశ్నలు అడగడం ఎప్పుడో మానేశారు.

వర్ధనమ్మ తెలివితక్కువది కాదు గాని, పాపం, ఆ రోజు ఆగలేకపోయింది. "గురువుగారూ, జపానికి కూర్చుంటే పది పూసలు తిరక్కుండానే మనసు ఎటో పోతోందండి. ఒకటే గుండెదడ. ఒంట్లో జబ్బేమీ లేదంటారు డాక్టరుగారు. ఈ మనసు ఒకచోట నిలబడాలంటే ఏం చెయ్యాలండి?" అంది.

సోమయాజులు గారు ఉత్తరీయం సర్దుకున్నారు. "గురువారం మీ ఇంటికి భోజనానికి వస్తానమ్మా. తిన్నాక కాసేపు నడుం వాల్చాలి నాకు. చాప పరిచేంత చోటు చూసి ఉంచు, చాలు" అన్నారు.

ఓస్, ఇంతేనా అనుకుంటూ ఇంటికి వచ్చింది వర్ధనమ్మ. తీరా గుమ్మంలో నిలబడి చూస్తే, మూడు గదుల్లోనూ చాప కాదు కదా, పీట వేసే జాగా కూడా లేదు.

ఆమె చెడ్డ ఇల్లాలు కాదు. దేన్నీ వదులుకోలేని ఇల్లాలు, అంతే. పెళ్ళిళ్ళకీ ఉపనయనాలకీ వెళ్ళినప్పుడు పేర్లు కొట్టించి ఇచ్చిన స్టీలు గిన్నెలు ముప్ఫై ఏళ్ళవి అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఒక మనిషి గుర్తుగా పెట్టినదాన్ని ఇచ్చేస్తే ఆ మనిషినే గుమ్మం బయటికి పంపేసినట్టు ఉంటుందని ఆమె బాధ. పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలైతే రెండు ట్రంకుపెట్టెలు. ఎవరి ముక్క వాళ్ళకే తిరిగి పెట్టే అప్రతిష్ఠ రాకూడదని ఒక్కోదానికీ పేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చి ఉంచింది. ఇవి కాక మూతల్లేని సీసాలు ఒక మూల, సీసాల్లేని మూతలు ఇంకో మూల. ఎప్పటికైనా అవి ఒకదాన్నొకటి కలుసుకోకపోతాయా అని ఆశ.

నాలుగేళ్ళ కిందట ఈ సామాను పడకగదిలో మంచం ఎక్కింది. ఆమె భర్త సూర్యప్రకాశరావు గారు మంచం దిగారు. అప్పటినుంచీ వసారాలో మడతమంచమే ఆయన పడక. ఆయనకి ఆయాసం. లోపల దుమ్ముకి దగ్గేవారు, బయట చలికి దగ్గేవారు. ఆ దగ్గు వినపడినప్పుడల్లా వర్ధనమ్మ గుండె దడదడలాడేది. రేపు పొద్దున్నే అంతా సర్దేస్తాననుకునేది. తెల్లారి ఏ పెట్టె విప్పినా ఎవరో ఒకరు గుర్తొచ్చి మళ్ళీ మూసేసేది.

ఇప్పుడు తప్పలేదు. మూడు రోజులు నడుం విరిగేలా చాకిరీ చేసి, కిటికీ ఉన్న మధ్యగది ఖాళీ చేసింది. అందులోవి కొన్ని వంటింట్లోకి వెళ్ళాయి, పట్టనివి వసారాలోకి వచ్చాయి. బుధవారం సాయంత్రం కూరల సంచితో ఇంటికొచ్చిన సూర్యప్రకాశరావు గారు మెట్టు మీదే ఆగిపోయారు.

"వర్ధనం, నా మంచం ఏదే?"

"అదిగో, ఆ పెట్టెల కింద. గురువుగారు వస్తున్నారు కదండీ, ఈ ఒక్కరోజుకీ సర్దుకోండి."

"నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో సర్దుకున్నది నేనొక్కణ్ణేనే" అని ఆయన నవ్వారు. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. గురువుగారి కోసం తుడిచిపెట్టిన మధ్యగదిలోకి ఆమె అడుగు పెట్టనివ్వలేదు, ఆ రాత్రికి ఆయనకి కుర్చీయే గతి అయింది.

గురువారం సోమయాజులు గారు వచ్చారు. పనసపొట్టు కూర రెండోసారి అడిగి వేయించుకున్నారు. చెయ్యి కడుక్కుని మధ్యగదిలోకి తొంగిచూశారు. తడిగుడ్డతో తుడిచిన గచ్చు, కిటికీ కింద కొత్త చాప. వర్ధనమ్మ మెచ్చుకోలు కోసం చూస్తోంది. ఆయన వసారాలోని పెట్టెల గుట్ట వంకా, దాని పక్కన మెట్టు మీద కూర్చుని కునికిపాట్లు పడుతున్న సూర్యప్రకాశరావు గారి వంకా చూశారు.

"ప్రకాశం గారూ, లోపలికెళ్ళి ఆ చాప మీద ఒకసారి పడుకుని ఎలా ఉందో చెప్పండి. మెత్తగా ఉంటే నాకు పడదు."

ఆయన మొహమాటపడుతూనే వెళ్ళారు. వీళ్ళిద్దరూ వసారాలో జవాబు కోసం కూర్చున్నారు. ఎంతసేపటికీ జవాబు రాలేదు. వర్ధనమ్మ వెళ్ళి చూసింది. చెంప కింద చెయ్యి పెట్టుకుని, పక్కకి తిరిగి, ఆయన నిద్రపోతున్నారు. కిటికీ గాలికి నెరిసిన జుట్టు కదులుతోంది.

"అయ్యో, లేపుతానుండండి" అంది కంగారుగా.

సోమయాజులు గారు చెయ్యెత్తి ఆపారు. "ఎలా ఉందో చెప్పమన్నాను. చెబుతున్నారుగా."

వర్ధనమ్మ గడప మీద కూలబడింది. కట్టుకున్న మనిషికి ఇంత చోటు ఇవ్వడానికి ఇన్నేళ్ళు పట్టిందా నాకు, అదీ ఇంకొకరి కోసం అనుకుంటేనా, అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏడుపు కూడా చప్పుడు కాకుండా ఏడ్చింది, ఆయన లేస్తారేమోనని.

కాసేపాగి సోమయాజులు గారు దగ్గర్లో ఉన్న పెట్టెలోంచి ఒక గిన్నె తీసి, కళ్ళజోడు పెట్టుకుని, గుసగుసగా అడిగారు. "'గరిమెళ్ళ వారి గృహప్రవేశం' అని ఉంది. ఎవరమ్మా వీళ్ళు?"

ఆమె ఆలోచించింది. "మా పిన్ని ఆడపడుచు తరఫు... ఉహుఁ, కాదండి. తెలీదు." ఇంకోటి చూపించారు. అదీ తెలీదు. ఎవర్ని గెంటేసినట్టవుతుందని ఇన్నేళ్ళు భయపడిందో వాళ్ళెవరో తనకే తెలియదు. కన్నీళ్ళ మధ్యనే నవ్వొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ తరవాత ఆయన అడగనక్కర్లేకపోయింది. ఒక్కో పెట్టె తనే విప్పింది. గిన్నెలు ఆడపిల్లల హాస్టలుకి, ముక్కలు కుట్టుపని నేర్పేచోటికి, సీసాలూ మూతలూ పాతసామానువాడికి అని వేరుచేసింది. ఒక పెట్టె అడుగున చిన్న రాగిచెంబు దొరికింది. దాని మీద సీతారావమ్మ అని వాళ్ళమ్మ పేరు. పోయిందనుకుని మూడేళ్ళ కిందట రెండు రోజులు అన్నం మానేసింది దీనికోసమే. కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. గిన్నెకి గిన్నె తగిలి ఏ కాస్త మోగినా చెయ్యి ఆపేసి, లోపలి ఊపిరి వినేది. అది నిదానంగా వస్తోంది, పోతోంది. ఒక్క దగ్గు లేదు. మళ్ళీ పనిలో పడేది.

నాలుగయ్యేసరికి వసారాలో మడతమంచం బయటపడింది. సోమయాజులు గారు లేచి చెప్పులు వేసుకుంటుంటే ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

"గురువుగారూ, మీరు నడుం వాల్చనేలేదు. నేనడిగిందానికి జవాబూ చెప్పలేదండి."

ఆయన మెట్టు దిగి, గొంతు తగ్గించి అన్నారు: "రెండు గంటలైంది. ఇంతసేపూ నీ చెవి ఆ గది దాటి ఎటైనా పోయిందా అమ్మా?"