మూడు డొప్పలు బోర్లించిన పెంటవ్వ

తాటిచెట్లు మనుషులంత పొట్టిగా, మనుషులు తాటిచెట్లంత పొడుగ్గా ఉండే రోజుల్లో, కాకులింకా నలుపెక్కక ముందు, గుట్టకింద ఒక ఊరుండేది. ఆ ఊళ్లో గుడి ఒకటే. బడి లేనే లేదు. కల్లుపాకలు మాత్రం మూడు. అందుకని దాన్ని మూడుపాకల ఊరు అనేవాళ్లు.

ఆ ఊరి చివర పెంటవ్వ ఉండేది. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. ఈ పిల్లనైనా యముడు చూసి ఛీ అని వదిలేస్తాడని, తల్లి ఆమెను పెంటకుప్ప మీద దొర్లించి ఆ పేరు పెట్టింది. యముడు నిజంగానే వదిలేశాడు. ఎంతలా వదిలేశాడంటే, ముగ్గురు యముళ్లు ముసలివాళ్లై గద్దె దిగిపోయినా పెంటవ్వ మాత్రం పోలేదు.

పెంటవ్వ పని కల్లు తాగే ఆకు డొప్పలు కుట్టడం. మోదుగాకులు కోసుకొచ్చి, పుల్లలు గుచ్చి, మూడు పాకలకూ ఇచ్చేది. రోజుకు వెయ్యి డొప్పలు. అబద్ధమైతే తొమ్మిది వందల తొంభైతొమ్మిది. బదులుగా ఒక్కో పాకవాళ్లు గుప్పెడు జొన్నలు పెట్టేవాళ్లు. ఊళ్లో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. "ఓ డొప్పల ముసలీ" అనేవాళ్లు.

కానీ ఆమె నాలుక ఉంది చూశారూ! చెట్టుమీద కల్లు పట్టే లొట్టిలో ఈగ పడిందనుకోండి. కింద కూర్చొని ఒక్క చుక్క నాలుక మీద వేసుకొని, అది ఆడ ఈగో మగ ఈగో, దానికి పెళ్లయిందో లేదో కూడా చెప్పేది. ఏ చెట్టు కల్లో, ఆ చెట్టుకు పొద్దుటి ఎండ తగులుతుందో సాయంత్రపు ఎండ తగులుతుందో, గీసినవాడు ఆ పొద్దున పెళ్లాంతో తగువాడి వచ్చాడో లేదో, అన్నీ చెప్పేది.

అందుకే ఆ ఊళ్లో ఒక కట్టడి. పొద్దున్నే మూడు పాకల తొలి లొట్లూ పెంటవ్వ ముందుకు రావాలి. ఆమె ఒక్కో దాంట్లో ఒక్క గుక్క చూస్తుంది. మంచిదనదు, చెడ్డదనదు. డొప్ప కింద పెడుతుంది. డొప్ప వెల్లకిలా ఉంటే ఊరు తాగుతుంది. డొప్ప బోర్లా పడితే లొట్టిలోని కల్లు చెట్టు మొదట్లోకి పోతుంది. పెంటవ్వ తీర్పు అంతే.

మొదటిది కొమ్రెల్లి గౌడు పాక. తాటి కల్లు. పాకంటే నాలుగు గుంజలు, పైన తాటాకు, కింద పేడ అలికిన నేల. కొమ్రెల్లి పెళ్లాం కాల్చిన ఎండుచేప వాసనకు పక్క ఊరి పిల్లులు పెళ్లిళ్లు మానుకొని వచ్చేవి. కల్లు ముందు తీయగా తగిలి, గొంతు దిగేటప్పుడు ఇంత వగరు చూపేది. రెండోది సత్తెవ్వ పాక. ఈత కల్లు. సత్తెవ్వ ఉడకబెట్టిన గింజల గుడాలు పంచుతూ, తాగినవాళ్ల తగువులు తీర్చుతూ, కొత్తవి పెడుతూ కూర్చునేది. ఆమె కల్లు చలికాలంలో తేనె, ఎండాకాలంలో సత్తెవ్వ నోరు. మూడోది గుత్తేదారు చెన్నప్ప పాక. పెంకుల కప్పు, కూర్చోవడానికి బల్లలు, తాగినవాడు తన మొహం చూసుకోవడానికి నిలువుటద్దం. చెన్నప్ప పాకలో కల్లు తప్ప అన్నీ బాగుండేవి.

అట్లా ఉండగా కరువొచ్చింది. ఒక ఏడు కాదు, మూడేళ్లు. చెరువులో కప్పలు ఈత మర్చిపోయాయి. కొమ్రెల్లి లొట్లు సగానికొచ్చాయి. సత్తెవ్వ లొట్లు పావుకొచ్చాయి. చెన్నప్ప లొట్లు మాత్రం రోజూ నిండుతూనే ఉన్నాయి. కరువు సాకుతో అతను తొలి లొట్టిని పెంటవ్వ ముందుకు పంపడం మానేశాడు. ఎట్లా నిండుతున్నాయని ఎవరూ అడగలేదు. నిండిన లొట్టిని ఎవరడుగుతారు?

చెన్నప్ప ఊరి పెద్దల్ని తన పాకలో బల్లల మీద కూర్చోబెట్టాడు. "ఉన్న చెట్లు తక్కువ, గీసే చేతులు ఎక్కువ. ఎల్లమ్మ పండుగనాడు పెంటవ్వ ఎవరి కల్లు మంచిదంటే వనమంతా వాళ్లకే ఇయ్యుండ్రి. మిగిలినోళ్లు చెట్టెక్కే మోకు దించుడే" అన్నాడు. పెద్దలు అప్పటికే మూడేసి డొప్పలు తాగి ఉన్నారు. సరేనన్నారు. తీర్పు తేలేదాకా మూడు పాకలూ మూయించారు.

పండుగ ముందు ముగ్గురూ పెంటవ్వ గుడిసెకొచ్చారు.

సత్తెవ్వ గుడాలు తెచ్చింది. "అత్తా, నా కల్లు నాకు తెలుసు. నువ్వేం మొహమాటపడకు. గుడాలు మాత్రం తిను, మెత్తగ ఉడికినయి" అంది.

చెన్నప్ప కొత్త చీర తెచ్చాడు. "అవ్వా, నిన్ను మంచిదని చెప్పమంటలేను. డొప్ప బోర్లించకు. గంతే" అన్నాడు. పెంటవ్వ చీర అంచు వేలితో తడిమి, "నాయినా, దీనికి గంజి ఎక్కువైంది" అని తిరిగి ఇచ్చేసింది.

కొమ్రెల్లి వట్టి చేతులతో వచ్చాడు. ఆ ఊళ్లో ఆమెను అక్కా అని పిలిచేది అతనొక్కడే. ఆమె జ్వరపడ్డప్పుడు జొన్న గటక కాచి తెచ్చిందీ అతనే. గడపలో కూర్చొని, పగిలిన అరికాళ్లు చూసుకుంటూ అన్నాడు. "అక్కా, నా మోకు ఇప్పుడు తాటిచెట్టుకు లేదు. నీ నాలుక మీద ఏలాడుతున్నది. వనం పోతే నాకు ఏరే పని రాదే."

"నీ కల్లుకేం రోగం తమ్మీ? ఎప్పటిలెక్కనే తీస్కరా" అంది పెంటవ్వ.

ఎల్లమ్మ పండుగ వచ్చింది. ఊరంతా చేరింది. గుక్క లేక మూడు నెలలు ఆవురావురుమన్న జనం. వాళ్ల నాలుకలు ఎండి గలగలమంటుంటే డప్పులు వినిపించలేదంటారు.

పెంటవ్వ ముందు మూడు లొట్లు పెట్టారు. మూడు డొప్పలు పెట్టారు.

సత్తెవ్వది ఒక గుక్క తాగింది. నిన్నటి పులుపు నేటి తీపిలో దాక్కుని ఉంది. డొప్ప బోర్లించింది.

"నేను ముందే జెప్పిన గద!" అని సత్తెవ్వ నవ్వింది. నవ్వాక కొంగు నోట్లో కుక్కుకుంది.

కొమ్రెల్లిది ఒక గుక్క తాగింది. తాగి ఆగింది. నోట్లోనే పెట్టుకొని చాలాసేపు కూర్చుంది. తీపి ఉంది. వగరు ఉంది. ఆ రెండింటి మధ్య ఒక దోసెడు నీళ్లున్నాయి. ఎన్నడూ లేనిది, ఒక్క దోసెడు. పండుగనాడు తన పాకకు వచ్చినవాడు దాహంతో పోకూడదని కలిపిన దోసెడు. ఏ బావి నీళ్లో కూడా ఆమెకు తెలిసింది. తలెత్తి చూస్తే కొమ్రెల్లి నేలచూపులు చూస్తున్నాడు.

గటక గుర్తొచ్చింది పెంటవ్వకు. అక్కా అన్న పిలుపు గుర్తొచ్చింది. చేయి డొప్ప మీదికి పోయింది. అయినా బోర్లించింది.

చెన్నప్పది ఒక గుక్క తాగింది. అందులో తాడి లేదు, ఈత లేదు. కుడితి నీళ్లున్నాయి. కుంకుడు నురగ ఉంది. అడుగున ఉమ్మెత్త గింజల చేదు ఉంది. డొప్ప బోర్లించింది.

మూడు డొప్పలూ బోర్లా పడ్డాయి. జనం గొల్లుమన్నారు.

"పండుగనాడు మూడూ చెడ్డయేనా?"

"ముసల్దాని నాలుక చచ్చింది!"

"ఇగ మమ్ముల నీళ్లు తాగుమంటవానే?"

చెన్నప్ప చేయెత్తి అందర్నీ ఊరుకోమన్నాడు. "ఒక్క గుక్కకు ముసలి నాలుకకేం తెలుస్తది? నా కల్లు చెడ్డదైతే నిండు డొప్ప తాగి చెప్పుమనుండ్రి" అన్నాడు.

అప్పుడు పెంటవ్వ తీర్పు చోట మొదటిసారి నోరు విప్పింది. "సత్తెవ్వది తాగితే కడుపు నొస్తది. కొమ్రెల్లిది తాగితే నిషా తక్కువైతది. ఇతనిది తాగితే పానం పోతది. నేను తాగి చూపిస్త. నన్ను చూసి మీరు తాగకుండ్రి."

నిండు డొప్ప తాగింది. రెండో డొప్ప తాగింది. మూడో డొప్ప తాగింది. జన్మలో ఎవరూ ఆమెకు నిండు డొప్ప పోయలేదు. పోసిన రోజు అదే.

కాసేపటికి పెంటవ్వ కళ్లు గుమ్మడికాయలంత అయ్యాయి. మొహం మోదుగుపువ్వులా ఎర్రబడింది. గాలిలో ఏవో ఆకులు కోయసాగింది. లేని ఆకులు కోసి, లేని పుల్లలు గుచ్చి, లేని డొప్పలు కుట్టి, రా బిడ్డా రా అని జనానికి పంచసాగింది.

జనం చూశారు. చూసి ఏమనుకున్నారు? పాపం అనుకున్నారా? పారిపోయారా?

"అబ్బో, ముసల్దానికి ఏం నిషా ఎక్కిందిరో!" అన్నాడొకడు. "మూడు డొప్పలకే సొర్గంల ఆకులు కోస్తున్నది!" అన్నాడు ఇంకొకడు. "గిదిరా కల్లంటే!" అన్నారు అందరూ. చెన్నప్ప లొట్ల మీద పడ్డారు. పెంటవ్వ కుట్టిన డొప్పలతోనే తాగారు.

కొమ్రెల్లి ఒక్కడే తాగలేదు. పెంటవ్వ తల ఒడిలో పెట్టుకొని ముంతతో నీళ్లు పట్టాడు. ఆమె ఒక గుక్క మింగింది. చూపు ఎటో ఉంది. నాలుక మాత్రం ఇక్కడే ఉంది.

"ఇవి నీ కల్లుల కలిపిన బాయి నీళ్లే గద, తమ్మీ" అంది. "మంచి నీళ్లు. కల్లుల కలుపకపోతే మంచి నీళ్లు."

పొద్దు గుట్ట దిగకముందే పెంటవ్వ పోయింది. ఆమెను మర్చిపోయిన యముడు మొత్తానికి గుర్తు తెచ్చుకున్నాడు. వచ్చినవాడు వట్టి చేతుల్తో పోతాడా? ఊళ్లో మూడు వీధులు. వీధికి ముగ్గుర్ని పట్టుకుపోయాడు. మిగిలినవాళ్లు మూడు రోజులు సొంత ఇల్లు గుర్తుపట్టలేదు. ఒకడు బర్రెను కావలించుకొని బావా అని ఏడ్చాడు. ఆ బర్రె కూడా ఏడ్చిందంటారు.

మరి చెన్నప్ప ఏమయ్యాడు? తలమీద పిడుగు పడిందా? మంచి కథలు వినీ వినీ మీకట్లా అలవాటైంది. పిడుగు పడలేదు. వనం చెన్నప్పకే వచ్చింది. పెంటవ్వను దేవతను చేసి మొదటి రాయి పాతించిందీ అతనే. తన పాక ముందే పాతించి, పసుపు రాయించి, "పెంటవ్వ నిండుగ తాగిన కల్లు ఇదే" అని నిండు నూరేళ్లూ అమ్ముకున్నాడు.

కొమ్రెల్లి మోకు దించి, మోదుగాకులు కోసుకొని డొప్పలు కుట్టుకుంటూ బతికాడు. రోజూ కుట్టిన తొలి డొప్పను ఆమె గుడిసె ఉన్న చోట బోర్లించేవాడు.

ఆ దిక్కున ఇప్పటికీ తొలి డొప్ప ఎవరూ తాగరు. సాక అని నేలమీద పోసి, డొప్పను చెట్టు మొదట్లో బోర్లిస్తారు. అమ్మేవాడు జనం ఎదుట ఒక నిండు డొప్ప తాగి కూర్చోవాలంటారు. ఎవరైనా నలుగురికీ గిట్టని నిజం చెబితే, "మూడు డొప్పలూ బోర్లిస్తున్నావే" అని దెప్పుతారు.

సాక పోస్తారు. డొప్ప బోర్లిస్తారు. పెంటవ్వా, నువ్వే దిక్కని దండం పెడతారు. పెట్టి, లొట్టిలో ఏముందని అడగకుండా తాగుతారు.

కథ అడుగంటింది. నురగ చెప్పినవాళ్లకు, మడ్డి విన్నవాళ్లకు.