మూరల గొడవ, ఆఖరి తేనెటీగలు

అనగనగా కొండమీద ఒక ఊరట. పుష్యమాసం వస్తే, ముంతలో నీళ్ళు తెల్లారేసరికి గట్టిపడిపోయేవట. కాళ్ళు దుప్పట్లోకి ముడుచుకో కన్నా, చెప్తాను.

ఆ ఊళ్ళో మాలచ్చి అని ఒక ఇల్లాలు. వాళ్ళమ్మ పై ఊళ్ళో తేనెటీగలు సాకేది. ముసలిదైపోయింది, చేతులు వణుకుతున్నాయి. "నా దగ్గర మూడు గుంపులే మిగిలాయే అమ్మా. ఏడాదికొకటి పట్టుకుపో. ఆరిపోకుండా చూసుకో" అంది.

మాలచ్చి చూసుకునేదే. ఇంట్లోవాళ్ళు చూసుకోనిస్తే కదా!

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. మంచమైనా, తలుపైనా, కోళ్ళగూడైనా ఇంటి పెద్ద మూరతోనే కొలిచి చెయ్యాలి. మాలచ్చి మొగుడు బొంజన్న తాటిచెట్టంత మనిషి. మొదటి గుంపు తెచ్చిన ఏడు అతను వాటికి తన మూరతో రెండు మూరల పెట్టె చేశాడు. అందులో మేక పడుకోవచ్చు.

"ఏమయ్యా, గుప్పెడు ఈగలకి ఇంత ఇల్లా?" అంది మాలచ్చి.

"మనింటి ఈగలు ఇరుక్కుని ఉంటే పరువేం కానే?" అన్నాడు బొంజన్న.

అప్పుడు చలి వచ్చింది. చలికి ఈగలేం చేస్తాయో తెలుసా? రాణిని మధ్యలో పెట్టుకుని, అన్నీ ఒక్క గుత్తిగా ముడుచుకుని, ఒళ్ళు వణికించి వేడి పుట్టిస్తాయి. మేక పట్టే ఇంటికి ఆ వేడి ఏ మూలకి? ఈగలు ఈ చివర, తేనె ఆ చివర. కొయ్యబారిపోయి, అంతదూరం నడవలేక, తేనె ఉండగానే ఆకలితో పోయాయి. మాలచ్చి వాటిని చేటలోకి ఎత్తింది.

ఆ తర్వాత రెండో ఏడు. రెండో గుంపు వచ్చింది. ఈసారి అత్త లేచింది. "వాడి మూరే కొంప ముంచింది. ఇంటికి పెద్దని నేను. నా మూరతో కొలవండి" అంది. అత్త నిలబడితే రోలంత. పెట్టె చూస్తే తమలపాకుల పెట్టంత!

"వెచ్చగా ఉంటాయిలే" అంది అత్త.

"వెచ్చగానే ఉంటాయత్తా. తేనె దాచుకోడానికి చోటేదీ? చలికాలమంతా ఏం తింటాయి?"

"నీకెప్పుడూ తిండి ధ్యాసే!"

పుష్యం దాటింది. మాఘం సగంలో తేనె నిండుకుంది. పువ్వులేమో ఇంకా విచ్చనే లేదు. ఆ గుంపూ పోయింది. మళ్ళీ అదే చేట.

మూడో ఏడు వాళ్ళమ్మ ఆఖరి గుంపు చేతిలో పెట్టింది. "ఇంక నా దగ్గర లేవే" అంది, అంతే. కొండచేలల్లో వలిసె పువ్వు ఉన్నన్నాళ్ళూ మాలచ్చి వాటిని మొగుడు చేసిన ఆ పెద్ద పెట్టెలోనే ఉంచింది.

చలి ముంచుకొస్తోంది. తల్లీ కొడుకూ మూరలు పట్టుకుని కూర్చున్నారు.

"ఇద్దరి మూరలూ కలిపి సగం చేద్దాం" అన్నాడు బొంజన్న, పెద్ద తీర్పు చెప్పినట్టు.

"నాది కాస్త ఎక్కువ కలపాలి" అంది అత్త.

మాలచ్చి గరిటె కింద పెట్టింది. "మూర, మూర అని రెండు గుంపుల్ని పొట్టన పెట్టుకున్నారు. ఆ ఇంట్లో ఉండేది ఈగలా, మీ చేతులా?"

మర్నాడు తెల్లారుతూనే, ఈగలింకా ముడుచుకుని ఉండగానే, వెళ్ళి మూత ఎత్తింది. తేనెపట్లు తొమ్మిది వేలాడుతున్నాయి. ఈగలు కప్పుకున్నవి ఐదే. రెండింటి నిండా తేనె. రెండు ఖాళీ.

అప్పుడు ఖాళీవి తీసేసింది. తేనె నిండిన పట్లు రెండూ ఈగల పక్కనే, ఇటొకటీ అటొకటీ ఆనించింది. ఆ తర్వాత బొంజన్న కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చింది.

"లే."

"ఎందుకే?"

"లెమ్మన్నానా!"

బల్ల చెక్క ఊడదీసింది. పెట్టెలో అడ్డంగా గోడలా నిలబెట్టింది. గోడవతల గడ్డి కూరింది. పెట్టె అంతే ఉంది, ఈగల ఇల్లు మాత్రం ఏడు పట్లకి తగ్గింది. గుమ్మం రెండు ఈగలు పట్టేంత చేసి, ఇంట్లోకి వచ్చి చేతులు కడుక్కుంది.

చలి వచ్చింది. రోజూ పొద్దున్నే మాలచ్చి పెట్టెకి చెవి ఆనించేది. సన్నగా రొద వినిపించేది. మాఘంలో మంచు మరీ మీదపడ్డ రోజు చెవి ఆనిస్తే, ఏమీ వినిపించలేదు. ఆ రోజు గంజి అడుగంటింది. "మాడిందే" అన్నాడు బొంజన్న. మాలచ్చి అతనికేసి చూసిన చూపుకి, మాడు గోక్కుని తిన్నాడు.

మూడో రోజు ఎండ కాసింది. బొంజన్న సంతకి పోవడానికి తెల్లపంచె కట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. నీకో సంగతి చెప్పాలి కన్నా. ఈగలు ఇంట్లో దొడ్డికి కూర్చోవు. చలి ఎన్నాళ్ళున్నా బిగబట్టుకునే ఉంటాయి.

అప్పుడు జుయ్యిమని వచ్చాయి! గుమ్మంలోంచి రెండేసి, రెండేసి, గుంపు గుంపంతా. వచ్చి బొంజన్న నెత్తిమీద తిరిగాయి. పంచె నిండా పసుప్పచ్చటి చుక్కలు!

"ఓసి నీ ఈగలు పాడుగాను! పంచెంతా ఖరాబు చేశాయే!"

మాలచ్చి పరుగెత్తుకొచ్చి చూసింది. పంచె పట్టుకుని ఒక్కో చుక్కా చూసింది. మూడేళ్ళ తర్వాత పకపకా నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"కదలకయ్యా," అంది. "అలాగే నిలబడు. ఇంకా వస్తున్నాయి."

ఈగలేమో పూలలోకి,
పంచేమో వాగులోకి,
కథేమో కంచిలోకి,
కన్నేమో నిద్దర్లోకి!