బూడిద అంటిన అలసందలు

అనగనగా ఒక అడవి, ఆ అడవి అంచున ఒక చిన్న మెట్టచేను. ఆ చేను పోలమ్మ అనే ముళ్ళపందిది. ముళ్ళపందికి సేద్యమేమిటని నవ్వకండర్రా! మట్టి తవ్వడంలో పోలమ్మని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు.

పండించిందంతా పోలమ్మ ఒక్కతే తినేది కాదు. చేను చుట్టూ మూడు ఇళ్ళున్నాయి. చింతచెట్టు తొర్రలో ఉడుత రత్తాలు, దాని నలుగురు పిల్లలు. పొదల్లో నెమలి పాపయ్య. మడుగు ఒడ్డున ముసలి తాబేలు బుచ్చన్న తాత. తొలకరికి ముందే ముగ్గురూ తమ దగ్గరున్న విత్తనమంతా తెచ్చి పోలమ్మ ఒళ్ళో పోసేవాళ్ళు. వారానికో పూట వచ్చి కలుపు తీసేవాళ్ళు. పంట మొదలయ్యాక, వారం వారం ఎత్తైన గట్టు మీంచి ఇవతలికి వంగిన తుమ్మకొమ్మకి పోలమ్మ మూడు బుట్టలు తగిలించేది. ఎవరి వాటా బుట్ట వాళ్ళది.

దీనికంతటికీ బుచ్చన్న తాత పెట్టిన కట్టుబాటు ఒకటే. "పండితే పండినంత, ఎండితే ఎండినంత." బుట్ట నిండినా, వెలితి పడినా నలుగురికీ సమానమే.

ఏడేళ్ళు వానలు బాగా పడ్డాయి. ఏడేళ్ళూ అలసందలు, చిక్కుళ్ళు, సొరకాయలు, చిలగడదుంపలు బుట్టల్లో పట్టేవి కావు. "పోలమ్మక్క చెయ్యి పడితే మట్టి బంగారమే!" అనేవాళ్ళు. ఆ మాట వినీ వినీ పోలమ్మకి అది తినే తిండిలా అయిపోయింది. కట్టుబాటులో మొదటి సగమే అందరికీ గుర్తుంది. రెండో సగంతో ఎవరికీ పని పడలేదు.

ఎనిమిదో ఏడు తొలకరి పడింది. సగం విత్తనం చల్లి, మిగతా సగం బూడిద కలిపి కుండలో దాచింది పోలమ్మ. బూడిద కలిపితే పురుగు పట్టదు. వాన ఎగ్గొట్టి మొక్క మాడిపోతే, మళ్ళీ విత్తడానికి ఆ కుండే ఆధారం. అది ఆ నలుగురి ప్రాణం అనుకోండి.

మొక్క మొలిచింది. ఆ తర్వాత వాన మొహం చాటేసింది.

మొదటి వారం బుట్టల్లో వాడిపోయిన నాలుగు తోటకూర కాడలే పడ్డాయి. రత్తాలు బుట్టలోకి తొంగి చూసింది.

"ఏమిటొదినా, ఇంతేనా? నలుగురు పిల్లలకి నేనేం పెట్టను?" అంది.

పాపం, ఆకలి మీద నోరు జారింది. అంతకన్నా ఏం లేదు. ఒళ్ళంతా ముళ్ళున్న పోలమ్మకి ఆ చిన్న మాట గుచ్చుకుంది చూడండి! "చేను మాడిపోతోందే రత్తాలూ, వచ్చి చూడు" అంటే సరిపోయేది. అనలేదు.

"ఈ వారం కోయడానికి తీరిక లేకపోయిందే. వచ్చే వారం చూడు" అంది. అక్కడితో ఊరుకుందా? "చేలో కలుపు లేదు, ఈ ఎండలో మీరెవరూ రానక్కర్లేదు" అని కూడా అంది. గట్టెక్కి వస్తే ఎండిన చేను కనపడుతుంది కదా, అదీ దాని భయం.

రెండో వారం కోయడానికి కాడ కూడా మిగల్లేదు. పోలమ్మ కుండ దగ్గర కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. "మూడు దోసిళ్ళేగా, వాన రాకపోతుందా" అనుకుని మూత తీసింది. అలసందలు తీసి, బూడిద దులిపి, బుట్టల్లో పోసింది.

పాపయ్య ఒక గింజ నోట్లో వేసుకున్నాడు.

"అక్కా, బూడిద రుచి తగులుతోందేమిటి?" అన్నాడు.

"పొయ్యి పక్కన ఆరబెట్టాన్రా."

"అలాగా! అడవంతా కరువంటే నీ చేనుకి కరువే లేదక్కా!" అంటూ వెళ్ళిపోయాడు. పోలమ్మకి ఒక్క క్షణం కడుపు నిండినట్టయింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

మూడో వారం బుచ్చన్న తాత పడుతూ లేస్తూ గట్టు దాకా వచ్చాడు. వెనకాలే రత్తాలు వచ్చింది.

"అమ్మాయ్, మడుగు అడుగున కాసిని నీళ్ళున్నాయి. అందరం ముంతలతో మోస్తే చేలో ఒక మూలైనా తడుస్తుంది. విత్తనానికైనా దక్కుతుంది కదా. నిజం చెప్పు, చేను ఎలా ఉంది?" అన్నాడు తాత.

"తాతా..." అంది పోలమ్మ. నిజం నోటి దాకా వచ్చింది.

ఇంతలో రత్తాలు నవ్వుతూ, "వదిన చేనుకేం తాతా! నిరుటికన్నా బాగుందట. పోయిన వారం బుట్ట చూడలేదూ?" అంది.

ఆ నవ్వు మొహం చూసి పోలమ్మ మాట మింగేసింది. "బాగానే ఉంది తాతా" అంది. వాళ్ళని గట్టు దగ్గరే ఉంచి, లోపలికెళ్ళి కుండ మొత్తం మూడు బుట్టల్లోకి వంచేసింది. నాలుగు రోజులకి మడుగు కూడా ఇంకిపోయింది.

అయిదో రోజు పొద్దున్నే వాన పడింది!

పాపయ్య కేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చాడు. రత్తాలు పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. వెనకాలే బుచ్చన్న తాత పాకుతూ చేరాడు. "కుండ తియ్యి వదినా! అదను పోకముందే విత్తుదాం!" అని అరుస్తూ గట్టెక్కి, అక్కడే ఆగిపోయింది. చేనంతా ఎండు దుబ్బులే.

పోలమ్మ కుండ తెచ్చి వాళ్ళ ముందు బోర్లించింది. బూడిద రాలింది. వాన దాన్ని తడిపేసింది.

"మరి మేం తిన్నదేమిటి?" అంది రత్తాలు.

"మీ విత్తనమేనే."

"అయ్యో వదినా, ఎంత పని చేశావు! ఆకులు నమిలేవాళ్ళం, పస్తులుండేవాళ్ళం. తెలిసి తెలిసి విత్తనం తినేవాళ్ళమా? ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఇంతేనా అన్నావు కదే, నువ్వు."

రత్తాలు పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. "అన్నాను. ఆకలేసి అన్నాను. ఇంతేనే అని నువ్వు అనుంటే నోరు మూసుకునేదాన్ని" అంది.

పాపయ్య తల వంచుకున్నాడు. "నాకు అనుమానం వచ్చిందక్కా. బుట్ట నిండుగా ఉంది కదా అని ఊరుకున్నాను" అన్నాడు. బుచ్చన్న తాత తల డిప్పలోకి లాక్కున్నాడు. ఆ తర్వాత పోలమ్మ ఎన్నిసార్లు పిలిచినా ఆ తల బయటికి రాలేదు.

కొండ అవతల చేలున్నాయట, వారం రోజుల దారి. రత్తాలు పిల్లల్ని తీసుకుని ఆ వానలోనే బయల్దేరింది. పిల్లల్లో చిన్నది దారిలోనే చనిపోయిందని తర్వాత తెలిసింది. పాపయ్య ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

పోలమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు. ఏం మొహం పెట్టుకుని వెళ్తుంది? రోజూ చాళ్ళు తవ్వేది. వారం తిరిగేసరికి మూడు బుట్టలూ తుమ్మకొమ్మకి తగిలించేది. వాటిలో ఏమీ ఉండేది కాదు.

ఆ ఏడు వాన ఎంత బాగా పడిందనుకున్నారు! అంత మంచి వాన ఆ అడవిలో ఎవరూ ఎరగరు. పోలమ్మ చేలో మాత్రం ఒక్క అలసంద మొక్క కూడా మొలవలేదు.

నీతి: పంటలో వాటా ఉన్నవాళ్ళకి కరువులోనూ వాటా ఉంటుంది. పరువు కోసం నష్టాన్ని దాచినవాళ్ళు, అందరి విత్తనాన్నీ పోగొడతారు.